ఒక్క సీజనుతో ఆగిన ఆడపిల్లల కబడ్డీ లీగు

మన సరిహద్దు పల్లెలలో చెడుగుడు తెలియని ఇల్లు లేదు. తెలుగువారు చెడుగుడు అన్నా, కన్నడిగులు కబడ్డీ అన్నా గీత ఒకటే, కూత ఒకటే. అయితే పదవ తరగతి దాటిన తరువాత మన ఆడపిల్లల కూత వినిపించకుండా పోతున్నది. ఇందుకు కారణం వెదకాలంటే 2016లో జరిగిన ఒక సీజను సంగతి తెలుసుకోవాలి.

ముందుగా ఆట నియమాలు చూద్దాం. స్త్రీల కబడ్డీ బరి పొడవు 12 మీటర్లు, వెడల్పు 8 మీటర్లు. ఒక్కొక్క జట్టు నుండి ఏడుగురు బరిలో దిగుతారు. ఆట 15 నిమిషాల చొప్పున రెండు భాగాలుగా సాగుతుంది. కూతకు వెళ్ళిన అమ్మాయి 30 సెకన్లలోగా ఎదుటివారిని తాకి తన వైపునకు తిరిగి రావాలి. ఎదుటి జట్టులో అందరినీ అవుట్ చేస్తే అదనంగా 2 పాయింట్లు వస్తాయి. దానిని లోనా అంటారు.

మన పాఠశాలల క్రీడలు హోబళి, తాలూకా, జిల్లా స్థాయిలలో జరుగుతాయి. ఒకసారి ఓడితే ఆ సంవత్సరానికి ఆట ముగిసినట్లే. లీగు పద్ధతి వేరు. అందులో ఓడిన జట్టు కూడా మరల మరల ఆడుతుంది, తప్పు దిద్దుకుంటుంది. ఆటగత్తె పదిమంది కంట పడుతుంది.

అట్టి అవకాశమే 2016లో వచ్చింది. పురుషుల ప్రో కబడ్డీ నాలుగవ సీజనుతో పాటు మహిళా కబడ్డీ ఛాలెంజ్ జరిగింది. ఫైర్ బర్డ్స్, ఐస్ దివాస్, స్టార్మ్ క్వీన్స్ అను మూడు జట్లు పాల్గొన్నాయి. ముగ్గురు నాయికలలో ఇద్దరు మన కర్ణాటకవారే: మమతా పూజారి, తేజస్విని బాయి. మూడవ నాయిక అభిలాషా మ్హాత్రే మహారాష్ట్ర వనిత. జూలై 31న హైదరాబాదులో జరిగిన ఫైనలులో స్టార్మ్ క్వీన్స్ 24–23తో, ఒక్క పాయింటు తేడాతో, ఫైర్ బర్డ్స్‌పై గెలిచింది.

ఇంత రసవత్తరంగా ముగిసినా మరుసటి సంవత్సరం ఆ పోటీ జరుగలేదు. తొలి కోత కాగానే మల్బరీ తోటను పెరికివేసినట్లయింది.

ఆస్ట్రేలియాలో మరొక విధంగా జరిగింది. అక్కడి వారి సొంత ఫుట్‌బాల్ ఆటలో మహిళల జాతీయ లీగు 2017లో 8 జట్లతో మొదలై, 2022 నాటికి 18 జట్లకు పెరిగింది. ఏనాటి నుండో పురుషుల జట్లను నడుపుతున్న క్లబ్బులే మహిళల జట్లనూ నిలిపాయి. కనుక ప్రతి జట్టుకూ ఒక ఊరు, ఒక అభిమాన వర్గం ముందే ఉన్నాయి. మన మూడు జట్లకు పేర్లున్నాయే గాని ఊర్లు లేవు. ఈ భేదం చిన్నది కాదు.

ప్రతిభకు కొరత లేదు. 2010, 2014 ఆసియా క్రీడలలో మన మహిళలు స్వర్ణం గెలిచారు. 2018లో ఇరాన్ చేతిలో ఓడి రజతంతో సరిపెట్టుకున్నా, 2023లో హాంగ్‌ఝౌలో చైనీస్ తైపీపై 26–25తో స్వర్ణాన్ని తిరిగి తెచ్చారు. 2025 నవంబరులో ఢాకాలో ప్రపంచకప్పు కూడా మనదే.

తల్లిదండ్రులు గమనించవలసిన సంగతి ఒకటున్నది. ఉడుపి జిల్లా కార్కళ ప్రాంతపు రైతు బిడ్డ మమతకు ఈ ఆట రైల్వే ఉద్యోగాన్నీ, 2014లో అర్జున పురస్కారాన్నీ ఇచ్చింది. లీగు నిలిచినా నిలువకపోయినా క్రీడా కోటా ద్వారం తెరిచే ఉన్నది. పట్టుపురుగులకు ఆకు వేసే వేళ ఇంటిలో పని ఉంటుంది, నిజమే. అయినా సాయంత్రం ఒక గంట అమ్మాయిని మైదానానికి పంపండి. పై స్థాయిలో లీగు నిలవాలంటే, ముందు మన ఊరి బరిలో ఆట నిలవాలి కదా!