రెక్కలకూ ఓ వీసా ఉంది!

విదేశాల్లో పైలట్ శిక్షణకు సిద్ధమవుతున్నారా? ఫీజు కట్టేముందు ఇది చదవండి.

దుర్గి పేరు చెబితే రాతి శిల్పాలు గుర్తొస్తాయి. పూర్తి కావచ్చిన విగ్రహం మీద ఉలి ఒక్కసారి జారితే చాలు, నెలల శ్రమ వృథా. పైలట్ చదువుకి విదేశం వెళ్లడమూ అలాంటిదే. అక్కడ జారకూడనిది వీసా కాగితం. ఫీజులూ, బసా, భోజనం అన్నీ కలిపితే ఖర్చు అర కోటికి అటూ ఇటూ అవుతుంది. మిర్చి, పత్తి పండించే ఇంట్లో ఆ డబ్బు పుట్టాలంటే పొలం అమ్మాలి, లేదా బ్యాంకులో తాకట్టు పెట్టాలి. అందుకే అడుగు వేసేముందే అన్నీ తెలుసుకోవాలి.

ఎమ్మెస్ వీసా కాదిది

అమెరికా చదువనగానే మనకు తెలిసింది ఎమ్మెస్. దానికిచ్చేది ఎఫ్-1 వీసా. ఫ్లయింగ్ స్కూల్లో చేరేవారికి సాధారణంగా ఇచ్చేది ఎం-1... అంటే వృత్తివిద్య వీసా. తేడా ఒక్క అక్షరమే, కానీ నిబంధనలు వేరు. ఎఫ్-1 విద్యార్థిలా క్యాంపస్‌లో పార్ట్‌టైమ్ పని చేయడానికి వీల్లేదు. మొదట ఏడాది వరకే ఉండనిస్తారు. పొడిగింపులన్నీ కలిపినా మూడేళ్లు మించదు. శిక్షణ ముగిశాక, చదివిన ప్రతి నాలుగు నెలలకు ఒక నెల చొప్పున, గరిష్ఠంగా ఆరు నెలలు ప్రాక్టికల్ ట్రైనింగ్‌కి అనుమతి అడగొచ్చు. అంతే! ఆర్నెల్లు దాటాక స్కూలు మారడం దాదాపు అసాధ్యం. అక్కడికెళ్లాక ఎఫ్-1కి మారడం కుదరదు. ‘ముందు ఎం-1 మీద వెళ్లండి, తరవాత ఎమ్మెస్‌లో చేరొచ్చు’ అని ఏ ఏజెంటయినా చెబితే నమ్మకండి.

ఇంటర్వ్యూలో అధికారి ప్రధానంగా చూసేవి రెండు. మొత్తం కోర్సుకయ్యే డబ్బు మీ దగ్గరుందా? చదువయ్యాక తిరిగొస్తారా? ‘అక్కడే ఉద్యోగం చూసుకుంటా’ అన్నారంటే వీసా చేజారినట్టే.

ఎందుకింత పట్టింపు?

2001 సెప్టెంబరు 11 దాడుల్లో విమానాలు నడిపిన మహమ్మద్ అత్తా, మర్వాన్ అల్ షెహీ ఫ్లోరిడాలోని వెనిస్ పట్టణంలో ఫ్లయింగ్ నేర్చుకున్నారు. దేశంలోకి వచ్చింది విజిటర్ వీసాల మీద. వారిద్దరినీ విద్యార్థులుగా గుర్తించామంటూ ఆ స్కూలుకి ప్రభుత్వం పంపిన ఉత్తరాలు ఎప్పుడు అందాయో తెలుసా? 2002 మార్చిలో... దాడులు జరిగిన ఆరు నెలలకి! అమెరికా ఉలిక్కిపడింది. విదేశీ విద్యార్థుల వివరాలన్నీ కంప్యూటర్లో నమోదు చేసే ‘సెవిస్’ విధానం 2003లో అమల్లోకి వచ్చింది. దీనికి కట్టాల్సిన రుసుము 350 డాలర్లు. వీసా దరఖాస్తుకి మరో 185 డాలర్లు.

వీసా చేతికొచ్చినా విమానం ఎక్కించరు. రవాణా భద్రతా సంస్థ టీఎస్ఏకి వేలిముద్రలిచ్చి, ఆ సంస్థ అనుమతి తెచ్చుకోవాలి. ఆ తరవాతే కాక్‌పిట్!

ఐ-20 వస్తే సరిపోతుందా?

స్కూలు ఇచ్చే ఐ-20 పత్రం ఉంటేనే వీసాకి దరఖాస్తు చేయగలం. కానీ అదొక్కటే భరోసా కాదు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ యూనివర్సిటీ మీద దాడులు జరిగినప్పుడు వీధినపడ్డవారిలో ఎక్కువమంది మన తెలుగు విద్యార్థులే. కొందరి కాళ్లకు రేడియో కాలర్లు తగిలించారు. అదీ ఐ-20లు ఇచ్చిన సంస్థే. అందుకే ప్రభుత్వ జాబితాలో పేరు చూసుకుని ఊరుకోకండి. ఆ స్కూల్లో చదివి వచ్చినవారితో మాట్లాడండి. విమానాలెన్ని, బోధకులెందరు, మధ్యలో మానేస్తే డబ్బు వెనక్కిస్తారా అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. మొత్తం ఫీజు ఒకేసారి కట్టకండి.

అమెరికా వద్దనుకుంటే... ప్రతి దేశానికీ తన చట్టం ఉంటుంది. కెనడాలో అయితే ఆరు నెలలు దాటే కోర్సుకి స్టడీ పర్మిట్ తప్పనిసరి.

ముందు డాక్టరు, తరవాతే డాలరు

అమెరికా లైసెన్సుతో ఇక్కడ నేరుగా విమానం నడపలేరు. పౌరవిమానయాన డైరెక్టరేట్ (డీజీసీఏ) పరీక్షలు రాసి, దాన్ని భారత లైసెన్సుగా మార్చుకోవాలి. 200 గంటల ఫ్లయింగ్ లెక్క చూపాలి. అందులో 100 గంటలు కెప్టెన్ హోదాలో నడిపి ఉండాలి. క్లాస్-1 వైద్యపరీక్షలో నెగ్గాలి. చిత్రమేంటంటే చాలామంది ఈ పరీక్షను చివరికి వాయిదా వేస్తారు. పొలం అమ్మాక కంటిలోనో, గుండెలోనో లోపం బయటపడితే ఎవరినని ఏం లాభం? కాబట్టి వరస ఇలా పెట్టుకోండి: మొదట వైద్యపరీక్ష, ఆపై డీజీసీఏ పేపర్లు, తరవాత స్కూలు, చివర్లో వీసా.

విదేశమే దిక్కన్నదీ నిజం కాదు. విజయవాడలో పెరిగిన కెప్టెన్ ఆనీ దివ్య నేర్చుకున్నది ఉత్తరప్రదేశ్‌లోని ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీలో. ముప్ఫయ్యేళ్లకే బోయింగ్ 777 కమాండరయ్యారు. దుర్గి వాళ్లకి అంత దూరమూ అక్కర్లేదు. శిక్షణ విమానాలు ఎగిరిన ఎయిర్‌స్ట్రిప్ మాచర్ల అవతల విజయపురి సౌత్‌లోనే ఉంది. ఇక్కడి దారులూ అక్కడి దారులూ పక్కపక్కన పెట్టి లెక్క చూశాకే పొలం కాగితాలు బయటికి తీయండి.