తార్నాక హాస్టల్‌లో అందరికీ ఒకటే అడ్రస్! ఇంటర్నెట్ నంబర్లు అయిపోతే ఏం చేస్తున్నారు?

ఉస్మానియా యూనివర్సిటీ పక్కనే ఉండే తార్నాకలో ఏ గల్లీలోకి వెళ్లినా ప్రైవేట్ హాస్టళ్లే. గ్రూప్స్‌కి, నెట్‌కి ప్రిపేర్ అయ్యే విద్యార్థులంతా రాత్రి ఒకే వైఫైలో ఉంటారు. అలాంటప్పుడు ఏదైనా సైట్ ఓపెన్ చేస్తే ఒక్కోసారి ‘మీరు రోబో కాదని నిరూపించుకోండి’ అంటూ ట్రాఫిక్ లైట్ల బొమ్మలు ప్రత్యక్షమవుతాయి. ఎవరూ ఏ తప్పూ చేయకపోయినా ఇలా జరగొచ్చు. దీని వెనక ఉన్న కారణాల్లో ఒకటి ఐపీ అడ్రస్‌ల కొరత.

నెట్‌లో డేటా ఎవరికి చేరాలో చెప్పే నంబరే ఐపీ అడ్రస్. 1980ల తొలినాళ్లలో వచ్చిన ఐపీవీ4 విధానంలో మొత్తం నంబర్లు దాదాపు 429 కోట్లే. అప్పట్లో అది ఎంతో ఎక్కువ అనుకున్నారు. అందుకే అడిగినవాళ్లకు అడిగినంత ఇచ్చేశారు. అమెరికాలోని ఎంఐటీ అనే ఒక్క యూనివర్సిటీకే 1.67 కోట్ల అడ్రస్‌లు దక్కాయి. వాటిలో వాడనివి చాలా ఉండటంతో 2017లో కొన్ని అమ్ముకుంది కూడా!

మన వంతు వచ్చేసరికి బస్తా ఖాళీ. 2011 ఫిబ్రవరి 3న ప్రపంచ నిల్వలోని చివరి ఐదు బ్లాకులను పంచేశారు. అదే ఏడాది ఏప్రిల్ 15 నుంచి ఆసియా-పసిఫిక్ ప్రాంతంలో రేషన్ మొదలైంది. 2019 నుంచి కొత్తగా చేరే సంస్థకు ఇచ్చేది గరిష్ఠంగా 512 అడ్రస్‌లే. వాటితో వేలమంది కస్టమర్లకు నెట్ ఎలా ఇస్తారు?

అందుకే పంచుకోవడం. హాస్టల్‌కి డోర్ నంబర్ ఒక్కటే, లోపల రూం నంబర్లు వేరు. పార్సిల్ గేటు దాకా వస్తే వాచ్‌మన్ రూముకి చేరుస్తాడు. ఇక్కడ ఆ వాచ్‌మన్ పని రౌటర్ చేస్తుంది. లోపల ఫోన్లకి 192.168తో మొదలయ్యే నంబర్లు ఇస్తుంది. అవే నంబర్లు క్యాంపస్ ల్యాబ్‌లోనూ ఉండొచ్చు, టెక్సాస్‌లో ఎవరింట్లోనైనా ఉండొచ్చు. అవి గేటు దాటి బయటికి రావు కాబట్టి గొడవ లేదు. వర్సిటీల్లాంటి పెద్ద క్యాంపస్‌లలోనూ ఇదే పద్ధతి. డిపార్ట్‌మెంట్లకి లోపలి నంబర్లు సరిపోతాయి. అందరూ బయటి నుంచి చూసే ఫలితాల సైట్‌ లాంటివాటికి మాత్రం అసలైన పబ్లిక్ అడ్రస్ ఉండాల్సిందే.

చిక్కేంటంటే, చాలాచోట్ల నెట్ కంపెనీ కూడా తన దగ్గర ఇంకో వాచ్‌మన్‌ని పెడుతుంది. అంటే ఒకే పబ్లిక్ అడ్రస్ వెనక పలు ఇళ్లు, హాస్టళ్లు. అందులో ఎవరి కంప్యూటర్‌లోనో వైరస్ ఉండి స్పామ్ పంపితే ఆ నంబర్ మొత్తం అనుమానితుల జాబితాలోకి వెళ్తుంది. హాస్టల్ ఓనర్ సొంతూరి నుంచి సీసీ కెమెరా నేరుగా చూద్దామన్నా కుదరదు. కెమెరా కంపెనీ క్లౌడ్ యాప్‌ని నమ్ముకోవాలి, లేదంటే స్టాటిక్ ఐపీకి విడిగా డబ్బు కట్టాలి.

అసలు సీరియస్ విషయం పోలీసు కేసులది. బెదిరింపు మెయిల్ ఏ అడ్రస్ నుంచి వచ్చిందో తెలిసినా సరిపోదు. కచ్చితమైన సమయం, పోర్ట్ నంబర్ ఉంటేనే నెట్ కంపెనీ లాగ్‌లలో కస్టమర్ ఎవరో తేలుతుంది. ఈ లాగ్‌లను రెండేళ్లు దాచాలని టెలికాం శాఖ 2021 డిసెంబర్‌లో నిబంధన మార్చింది. అయినా ఆచూకీ హాస్టల్ రౌటర్ దగ్గరే ఆగిపోతుంది. లోపల ఎవరన్నది రౌటర్ రికార్డు పెట్టుకుంటే తప్ప తెలియదు. అప్పుడు ఏ పాపం తెలియని కుర్రాడు కూడా సమాధానం చెప్పుకోవాల్సి వస్తుంది.

మరి పరిష్కారం? ఐపీవీ6. ఇందులో ప్రతి పరికరానికీ సొంత అడ్రస్ ఇచ్చినా తరగవు. ఈ విషయంలో మొబైల్ నెట్‌వర్క్‌ల పుణ్యమా అని భారత్ ప్రపంచంలోనే ముందు వరుసలో ఉంది. 2016లో వచ్చిన జియో మొదటి నుంచే దీన్ని వాడుతోంది. వెనకబడింది పాత రౌటర్లు, పాత ల్యాబ్ పరికరాలు, ఇంకా మారని వెబ్‌సైట్లు. రెండు విధానాలూ భాషలు వేరైన ఇద్దరిలాంటివి, నేరుగా మాట్లాడుకోలేవు. కాబట్టి ఇప్పటికి రెండూ పక్కపక్కన నడపాల్సిందే.

మీ ఫోన్‌లో ఒకసారి చెక్ చేసుకోవచ్చు. వైఫై ఆపి, మొబైల్ డేటాతో ‘నా ఐపీ ఎంత’ అని వెతకండి. మధ్యలో కోలన్‌లు, అక్షరాలతో పొడుగ్గా కనిపిస్తే అది ఐపీవీ6. ఇప్పుడు హాస్టల్ వైఫై ఆన్ చేసి మళ్లీ చూడండి. చుక్కలతో విడదీసిన నాలుగు అంకెలే వస్తే, రౌటర్ సెట్టింగ్స్‌లో ఐపీవీ6 ఆప్షన్ ఉందో లేదో చూడమని ఓనర్‌నో, నెట్ ఆపరేటర్‌నో అడగండి.