ప్రతిరోజూ నడిచిన మొర్దెకై

తల్లిదండ్రులు లేని ఎస్తేరును మొర్దెకై తన కుమార్తెగా స్వీకరించాడని మనకందరికీ తెలుసు (ఎస్తేరు 2:7). కాని ఆ అధ్యాయంలోనే మరో చిన్న విషయం ఉంది. ఎస్తేరును షూషను కోటకు తీసుకెళ్లిన తర్వాత, ఆమె ఎలా ఉందో తెలుసుకోవడానికి మొర్దెకై ప్రతిరోజూ అంతఃపురం ముంగిట తిరిగేవాడు (2:11). రాజుగారి ఇంట్లో ఆమెకు తిండికి లోటు లేదు, బట్టకు లోటు లేదు. సేవ చేయడానికి పనికత్తెలు కూడా ఉన్నారు. అయినా 'నా బిడ్డ ఎలా ఉందో!' అని తల్లడిల్లే మనిషి ఒకరుండాలి. అనాథ బిడ్డ పోగొట్టుకునేది అన్నిటికన్నా ముందు ఆ మనిషినే.

ఆఫ్రికాలోని రువాండా దేశంలో 1994లో సుమారు వంద రోజుల్లో దాదాపు 8 లక్షల మంది ఊచకోతకు గురయ్యారు. అత్యధికులు క్రైస్తవులే అయిన దేశమది. దేవుని మందిరంలో దాక్కుంటే ప్రాణం దక్కుతుందని న్యమాట, న్తరామ చర్చిల్లోకి పరుగెత్తిన వేలమంది అక్కడే హతులయ్యారు. నిన్నటిదాకా పక్కన కూర్చుని ఆరాధించినవారే కత్తి ఎత్తారు. ఈ మాట రాస్తుంటే క్రైస్తవులుగా మనం తలదించుకోవాలి. ఆ నెత్తురు మడుగులో వేలాది పసివాళ్లు దిక్కులేనివారయ్యారు. పన్నెండేళ్ల అక్క తమ్ముళ్లకు తల్లిగా మారిన ఇళ్లు ఆ దేశంలో కోకొల్లలు.

ఈ పిల్లల సంగతి 2005లో అమెరికాలో ఆన్ హేమన్ అనే న్యాయవాది చెవిన పడింది. ఆమె యూదురాలు, అంటే ఎస్తేరు జాతికి చెందిన స్త్రీ. హిట్లర్ మారణకాండలో అనాథలైన యూదు పిల్లలను ఇశ్రాయేలు దేశం 'యువజన గ్రామాల్లో' పెంచిన సంగతి ఆమెకు గుర్తుకొచ్చింది. అదే పద్ధతిలో రువాండాలోని ర్వమగాన ప్రాంతంలో 2008లో 'అగహోజో షాలోమ్' గ్రామం మొదలైంది. అగహోజో అంటే అక్కడి భాషలో కన్నీళ్లు ఆరే చోటు. షాలోమ్ అంటే హెబ్రీ భాషలో సమాధానం.

అక్కడున్నవి వరుస మంచాల హాస్టల్ గదులు కావు, ఇళ్లు. ప్రతి ఇంటికీ ఒక 'మామా' ఉంటుంది, అంటే అమ్మ. తొలినాళ్లలో ఆ అమ్మలైనవారిలో భర్తను, కన్నబిడ్డలను ఆ మారణకాండలోనే పోగొట్టుకున్న స్త్రీలున్నారు. బిడ్డలు లేని తల్లులకు, తల్లులు లేని బిడ్డలకు ఒకే కప్పు కింద చోటు దొరికింది. పగలు గ్రామంలోనే ఉన్న హైస్కూలులో చదువు. సాయంత్రమైతే ఇంటిల్లిపాదీ ఒకచోట కూర్చుని ఆ రోజు ఎలా గడిచిందో చెప్పుకుంటారు. మొర్దెకై అడిగిన ప్రశ్నే అక్కడ రోజూ వినిపిస్తుంది. ఏకాకులకు కుటుంబాన్నిచ్చే దేవుణ్ణి దావీదు కీర్తించింది ఇందుకే కదా (కీర్తన 68:6)!

అయితే ఎంత మంచి గ్రామమైనా సొంతవాళ్ల ఇంటికి సాటి రాదు. తల్లిదండ్రుల్లో ఒక్కరే చనిపోయినా లెక్కల్లో ఆ బిడ్డను అనాథగానే రాస్తారు. పేదరికం వల్ల తల్లి బతికుండగానే ఆశ్రమానికి చేరే పిల్లలెందరో! రువాండా ప్రభుత్వం ఇది గ్రహించి, ఆశ్రమాల్లోని పిల్లలను కుటుంబాలకు చేర్చాలని 2012లో నిర్ణయించింది. ముందు బంధువుల ఇల్లు, అది కుదరకపోతే పెంచుకునే మరో కుటుంబం. అలా పరాయి బిడ్డను తమ ఇంట్లో ఉంచుకునేవారిని అక్కడ 'మలయిక మురింజి' అంటారు, అంటే కావలి దూత.

క్రిస్మస్ వస్తే మనమూ ఆశ్రమాలకు వెళతాం. దుప్పట్లు, కేకులు పంచుతాం, ఫొటో దిగుతాం, తిరిగొస్తాం. అది తప్పు కాదు, కాని అది చాలదు. మన సంఘంలోనే మనవలను సాకుతున్న ముసలి అవ్వ ఉండవచ్చు. ఆ పిల్లల స్కూలు ఫీజు మనం కడితే వాళ్లు ఆశ్రమానికి వెళ్లనక్కర్లేదు, ఆమె ఒడిలోనే పెరుగుతారు. దిక్కులేని పిల్లలను వారి ఇబ్బందిలో పరామర్శించడమే నిష్కళంకమైన భక్తి అని యాకోబు రాశాడు (1:27). పరామర్శ అంటే ఏడాదికోసారి చేసేది కాదు. మొర్దెకై ప్రతిరోజూ నడిచాడు. మనమూ ఆ దారిన నడుద్దాం.