పుట్టుమచ్చయా? గాయమా?

శంషాబాదు మీదుగా బెంగుళూరునకు పోవు రహదారిపై రేయింబవళ్లు లారీలు నడచుచుండును. ఎవరి జేబునుండియో జారిన రూపాయి బిళ్ల ఆ తారుపై కొన్నాళ్లు పడియున్నచో, చక్రముల క్రింద నలిగి, అంకెలు చెరిగి, వింతరూపు దాల్చును. దాని నేరుకొన్న బాలుడు, “ఇది టంకశాలలోనే తప్పుగా అచ్చుపడినది, దీనికి వేల రూపాయలు వచ్చును” అని మురియవచ్చును. ఆ మాట నమ్మి కొనెడి అమాయకులును లేకపోలేదు. టంకశాలలో పుట్టిన లోపమునకు నాణెముల సేకరణకర్తలు విలువ నిత్తురు. బయట తగిలిన దెబ్బకు విలువ లేదు సరికదా, ఉన్న విలువయు తరుగును. మొదటిది పుట్టుమచ్చ వంటిది. రెండవది గాయపు మచ్చ వంటిది.

ఈ భేదము తెలియుటకు నాణెము పుట్టుక తెలియవలెను. హైదరాబాదు టంకశాల 1803లో సికందర్ జా కాలమున సుల్తాన్ షాహీలో వెలసి, 1903లో సైఫాబాదునకు తరలెను. 1950లో భారత ప్రభుత్వము వశమయ్యెను. 1997లో చర్లపల్లిలో క్రొత్త టంకశాల నెలకొల్పబడెను. సంవత్సరము క్రింద ఐదు కోణముల చిన్న నక్షత్ర మున్నచో ఆ నాణెము హైదరాబాదుదని గుర్తింపవచ్చును. అచట లోహపు రేకునుండి గుండ్రని బిళ్లలు కోసి, కొలిమిలో కాల్చి మెత్తపరచి, అంచు లేవనెత్తుదురు. పిదప బిళ్లను ఉక్కు కట్టులో నుంచి, పైనొక అచ్చు, క్రిందనొక అచ్చు చేర్చి యంత్రముతో నొక్కుదురు. ఒక్క దెబ్బతో రెండు వైపుల బొమ్మలును తేలును.

అచ్చుపై బొమ్మ గుంటగా నుండును. కనుకనే నాణెముపై ఉబ్బెత్తుగా తేలును. ఈ ఒక్క విషయము మనసున నుంచుకొన్నచో సగము చిక్కులు విడిపోవును. అచ్చు పగిలినచో ఆ పగులులోనికి లోహము దూరి, నాణెముపై సన్నని గట్టువలె లేచును. అదే నాణెమును మేకుతో గీచినచో గీత గుంటగా పడును. గీత కిరువైపుల లోహము ఒరిసికొని లేచియుండును. అచ్చు గుంటలో నూనెమకిలి నిండినప్పుడు ఒక అక్షరము మాయమగుట కలదు. అచట ఉపరితలము నునుపుగా నుండును. ఆకురాయితో అరుగదీసిన చోటనో, భూతద్దములో వరుసగీతలు బయటపడును.

వెనుకటి నాణెము అచ్చునకే అంటుకొని రాలనిచో, తరువాతి బిళ్లకు ఒకవైపున మామూలు బొమ్మయు, మరియొకవైపున అదే బొమ్మ అద్దములోని నీడవలె తిరగబడి గుంటగాను పడును. ఇట్టివి అరుదు, అందుచేతనే మోసగాండ్రకు వీనిపై మోజెక్కువ. రెండు నాణెములను చేర్చి కమ్మరి బిగింపులో నొక్కినచో తిరగబడిన గుర్తులు పడుమాట నిజమే. కాని అడుగున అసలు బొమ్మ నలిగి కనబడుచునే యుండును. టంకశాలలో పుట్టిన దానియందు అట్టి పాత బొమ్మ యుండదు.

బిళ్ల కోయునప్పుడు రేకు సరిగా జరుగక, అంతకుముందు కోసిన రంధ్రముపై కత్తెర పడినచో, బిళ్ల అంచున నెలవంక యంత ముక్క తక్కువగును. ఆ కొరతకు సరిగ్గా ఎదుటి యంచు చాలమారు బలహీనముగా నుండును. ఏలయనగా అంచు లేవనెత్తునపుడు కొరత యున్నచోట ఒత్తిడి యందదు, ఎదుటి వైపునకును ఆ బలము చాలదు. కత్తిరించిన నాణెమునకు ఎదుటి యంచు చక్కగనే యుండును. మోసగాడు ఒకవైపు కత్తిరించును గాని రెండవవైపు సంగతి ఎరుగడు!

తూకమును ఉపయోగపడును గాని, అదొక్కటియే చాలదు. 1992 నాటి ఐదురూపాయల నాణెము తూకము 9 గ్రాములు, అడ్డుకొలత 23 మిల్లీమీటర్లు. పలుచని రేకునుండి వచ్చిన బిళ్లయు తేలికయే, ఆమ్లములో నానిన నాణెమును తేలికయే. మొదటిది కట్టులో అచ్చుపడినది గనుక అడ్డుకొలత తరుగదు. రెండవదాని అడ్డుకొలతయు తరిగి, అక్షరములు చిక్కి, మేను గరుకెక్కును.

వింతగా నున్నదెల్ల లోపమును గాదు. మీర్ ఉస్మాన్ అలీఖాన్ తొలినాళ్ల చార్మినారు రూపాయిలపై ద్వారములోని ‘ఐన్’ అను అక్షరము కొన్నిట సగముగను, పిమ్మటివానిలో పూర్తిగను కానవచ్చును. ఇది పొరపాటు కాదు. అచ్చు మార్చినందున కలిగిన భేదము.

అనుమానము గల నాణెమును చింతపండుతో తోముట కూడదు. తోమినచో సహజమైన మెరుగు పోవును. నిజముగా పుట్టుమచ్చ యున్న నాణెమైనను విలువ కోల్పోవును. దానిని అదే సంవత్సరపు మంచి నాణెము ప్రక్కన నుంచి పోల్చిచూచుట మేలు.

2008లో శంషాబాదున విమానాశ్రయము వెలసిన పిదప దూరదేశముల నాణెములును ఈ ప్రాంతపు పిల్లల చేతికి వచ్చుచున్నవి. వానికిని ఈ పరీక్షలే వర్తించును. అయితే నూరేండ్లు నిండిన నాణెము, మచ్చ యున్నను లేకున్నను, 1972 నాటి చట్టము ప్రకారము పురావస్తువు. దానిని సొంతముగా ఎవరును ఆ విమానాశ్రయము దాటించి పరదేశమునకు కొనిపోరాదు.