ఊరి కుక్కకు నిదానము నేర్పుట

మన పల్లెలలో కుక్క అనాదిగా మనుష్యునకు తోడుగా నున్నది. పొలము కాచుటకు, గొఱ్ఱెల మందవెంట నడచుటకు, రాత్రివేళ క్రొత్తవారి రాకను తెలుపుటకు దానిని మించిన కావలి లేదు. కర్నూలు జిల్లాలోని పందికోన గ్రామపు కుక్కలు కాపలాకు పేరొందినవని చాలమంది యెరుగుదురు.

అయితే కాలముతోపాటు పల్లెయు మారినది. శంషాబాదు ప్రాంతమునే తీసికొందము. 2008 మార్చిలో ఇచ్చట రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయము ప్రారంభమైనది. దాని చెంతనే ఔటర్ రింగ్ రోడ్డు ఏర్పడినది. ఎడ్లబండ్లు నడచిన బాటలపై నేడు రాత్రింబవళ్లు మోటారు వాహనములు పరుగిడుచున్నవి. గొల్లపల్లి, మామిడిపల్లి, పెద్ద గోల్కొండ మొదలగు గ్రామముల ప్రజలు విమానముల మ్రోతకు అలవాటుపడిరి. కాని కుక్కకు ఈ మార్పును గూర్చి నేర్పినవారు లేరు. కనుకనే అది మోటారు సైకిలును చూచినంతనే మొరుగుచు వెంటబడుచున్నది. నడుపువాడు బెదరి క్రిందపడుచున్నాడు. పరుగెత్తిన పిల్లవాడు కాటునకు గురియగుచున్నాడు. అంతట ఫిర్యాదు పంచాయతీకి వచ్చును. అట్టి సమయమున సభ్యులు ఏమి చేయవలెను?

కుక్క ఏల రెచ్చిపోవును?

కొందరు ఇది కుక్కయొక్క పొగరని తలంతురు. అది పొరపాటు. పెక్కుసార్లు దీనికి మూలము భయము. కుక్కపిల్లకు మూడవ వారము మొదలు సుమారు పండ్రెండవ వారమువరకు లోకమును తెలిసికొను వయస్సు. ఆ దినములలో అది పిల్లలను, వాహనములను, క్రొత్తవారిని, పశువులను నెమ్మదిగా చూచి పెరిగినచో వానికి బెదరదు. దొడ్డిలో గొలుసుతో కట్టబడి పెరిగిన కుక్కకు ప్రతి క్రొత్త వస్తువును శత్రువువలె తోచును.

రెండవ కారణము మరియొకటి గలదు. కుక్క మొరిగి తరుమగా మోటారు సైకిలు ముందుకు సాగిపోవును. అది తన దారిన తాను పోయినదని కుక్కకు తెలియదు. తానే తరిమివేసితినని తలంచును. ఈ విధముగా ప్రతిదినము దానికి గెలుపు లభించుచుండుటచే అలవాటు గట్టిపడును. కావున ఉపేక్షించినచో ఇది తనంతట తాను మానదు.

విమానాశ్రయ జాగిలముల పాఠము

కుక్క రద్దీలోను, మ్రోతలోను నిశ్చలముగా నుండగలదా యని సందేహించువారు విమానాశ్రయమున పనిచేయు జాగిలములను గమనింపవలెను. వేలాది ప్రయాణికుల నడుమ, సామానుల బండ్ల చప్పుడులో, అవి తమ శిక్షకునిపైననే దృష్టి నిలుపును. ప్రేలుడు పదార్థముల వాసన తగిలినచో మొరుగక, గోకక, ఊరక కూర్చుండి ఆ సంగతిని తెలుపును. శంషాబాదునకు అనతిదూరమున నున్న మొయినాబాదులోని పోలీసు శిక్షణ సంస్థలో ఇట్టి జాగిలములను తయారు చేయుచున్నారు. వానికి ఈ గుణము పుట్టుకతో రాలేదు. నెలల తరబడి చేసిన అభ్యాసముచే వచ్చినది. అట్టి అభ్యాసమునకు ఆధారము బహుమానము. పని సరిగా చేసిన వెంటనే జాగిలమునకు బంతియో, ఆహారమో, మెప్పుమాటయో లభించును. ఈ పద్ధతి మన ఇంటి కుక్కకును పనికివచ్చును.

నేర్పు విధము

మొదట ఇంటిలో, ఏ అలికిడియు లేని వేళ ఆరంభింపవలెను. కుక్కను పేరుపెట్టి పిలువుడు. అది మీ ముఖమువంక చూచిన తక్షణమే చిన్న ముక్క ఆహార మొసగుడు. ఉడికించిన గ్రుడ్డు ముక్కగాని, మాంసపు తునుకగాని చాలును. దినమునకు రెండు పర్యాయములు, ఐదేసి నిమిషములు చేసిన సరిపోవును. పేరు వినగానే మీవైపు చూచుట దాని కలవాటు కావలెను.

రెండవది, ఒక గోనెపట్టాను పరచి దానిపై పండుకొనుట నేర్పుడు. పట్టాపై నున్నంతసేపు నడుమ నడుమ ఒక ముక్క పెట్టుచుండుడు. ఆ పట్టాయే దానికి నెమ్మదిగానుండు తావగును. అతిథులు వచ్చినపుడు ఇది మిక్కిలి ఉపకరించును.

మూడవది ముఖ్యమైనది. కుక్కను గట్టి త్రాటితో పట్టుకొని బాటకు దూరముగా నిలువుడు. మోటారు వాహనమును చూచియు మొరుగక యుండునంత దూరము కావలెను. కొన్నిటికి ఇరువది అడుగులు చాలును. కొన్నిటికి నూరు అడుగులైనను అవసరమగును. వాహనము కనబడినంతనే ఆహారము పెట్టుట మొదలిడి, అది దాటిపోగానే ఆపివేయవలెను. కొన్ని దినములకు కుక్క వాహనమును చూచి, తనంతట తానే మీవైపు తిరుగును. భయము స్థానమున ఆశ కలిగినదనుటకు ఇదియే గుర్తు. గంట చప్పుడు వంటి సంకేతము ఆహారముతో జతపడినపుడు కుక్కకు నోరూరునని రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్ కనుగొనిన సూత్రమే ఇచ్చట పనిచేయుచున్నది.

అటుపిమ్మట దినమునకు నాలుగైదు అడుగుల చొప్పున బాటకు సమీపింపవచ్చును. కుక్క చెవులు నిక్కించి, ఒడలు బిగించి, రెప్పవాల్చక చూచినచో మీరు తొందరపడితిరని గ్రహించి వెనుకకు పోవుడు. ఇది వారములతో, కొన్నిటికి నెలలతో కూడిన పని.

చేయరాని పనులు

మొరిగిన కుక్కను కొట్టరాదు. వాహనము వచ్చినపుడెల్ల దెబ్బ పడినచో ఆ వాహనమే తన బాధకు కారణమని అది తలంచి మరింత పగబూనును. గుఱ్ఱుమనుట మానునేగాని భయము మానదు. అట్టి కుక్క ముందుగా తెలుపకయే కఱచును. పగలంతయు పొట్టిగొలుసుతో కట్టివేయుటయు కోపమును పెంచును. పిల్లలచే రాళ్లు రువ్వింపరాదు. నిద్రించుచున్న, తినుచున్న, పిల్లలకు పాలిచ్చుచున్న కుక్కను సమీపింపరాదని, కుక్క వెంటబడినచో పరుగెత్తక నిలిచిపోవలెనని వారికి పాఠశాలలో చెప్పింపవలెను.

వ్యాధిని గుర్తించుట

సాధువైన కుక్క అకస్మాత్తుగా స్వభావము మారి, చొంగ కార్చుచు, మ్రింగలేక, కనబడినదానినెల్ల కఱచుచున్నచో అది శిక్షణకు లొంగునది కాదు, రేబీసు కావచ్చును. వెంటనే పశువైద్యునకు తెలుపవలెను. కాటునకు గురియైనవారు గాయమును సబ్బుతో, ధారగా పారు నీటితో 15 నిమిషములు కడిగి, ఆ దినముననే ఆసుపత్రికి పోయి టీకా ప్రారంభింపవలెను. పసుపు, సున్నము, కారము పూయుచు కాలము గడుపుట ప్రాణాపాయము. రేబీసు లక్షణములు బయటపడిన పిదప బ్రదుకుట దాదాపు అసాధ్యము.

పంచాయతీ కర్తవ్యము

పైన చెప్పిన అభ్యాసము యజమానుడున్న కుక్కలకు తగినది. వీధికుక్కల విషయమున భారము స్థానిక సంస్థలపై నున్నది. జంతు జనన నియంత్రణ నియమములు, 2023 ప్రకారము వానికి సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయించి, రేబీసు టీకా వేయింపవలెను. విషము పెట్టి చంపుట పరిష్కారము కాదు, నేరము. 1960 నాటి జంతు హింస నివారణ చట్టము దానిని నిషేధించుచున్నది. భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షను క్రింద ఐదేండ్ల వరకు శిక్ష పడవచ్చును. అంతియేగాక చచ్చిన కుక్కల తావున టీకా లేని క్రొత్త కుక్కలు వచ్చి చేరును.

చెత్తను గూర్చియు శ్రద్ధ వహింపవలెను. మాంసపు వ్యర్థములు, అన్నపు మెతుకులు పడియున్న చోట కుక్కలు గుంపులు గట్టి పోరాడును. గుంపుగా నున్న కుక్క ఒంటరి కుక్కకంటె తెగువ చూపును. విమానాశ్రయమునకు సమీపమున ఇందు మరియొక ప్రమాదమును గలదు: అట్టి చెత్తకు గ్రద్దలు చేరి విమానములకు తగులును. అందుచేతనే విమానాశ్రయమునకు 10 కిలోమీటర్ల లోపల చెత్తను బహిరంగముగా పారవేయుటను విమానయాన నియమములు నిషేధించినవి.

గ్రామసభలో ఈ సంగతులను చర్చింపుడు. పశువైద్యుని పిలిపించి టీకా శిబిరము నడిపింపుడు. ఓర్పుగల ఒక యువకుని ఎన్నుకొని, ఒక్క కుక్కకు నిదానము నేర్పించి చూపింపుడు. బాటప్రక్క గోనెపట్టాపై పండుకొని, మోటారును చూచి తోక నూపు ఆ కుక్కయే తక్కినవారికి పాఠము చెప్పగలదు.