అమరమున వ్రేలాడు యంత్రము

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములందు పుట్టి పెరిగినవారికి మోటారు పడవతో పరిచయము స్వల్పము. ఉత్తరమున తుంగభద్ర ప్రవహించుచున్నను, అచ్చటి రేవులలో తరతరములుగా జనులను దాటించినది పుట్టియే. వెదురుబద్దలతో గుండ్రముగా అల్లి తోలు కప్పిన ఆ నావకు అణియమనియు అమరమనియు భేదము లేదు గనుక, మోటారును తగిలింపదలచినను చోటు దొరకదు. పైగా వేసవి వచ్చినచో నదీగర్భమంతయు రాళ్ళును ఇసుకమేటలును. నీటిక్రింద మూరెడు లోతున తిరుగు పంకా అచ్చట ఒక దినమైనను నిలుచుట అరుదు. అట్లయ్యు, పడవ మోటారును మీట నొక్కినంతనే ఎత్తి దించు ‘పవర్ ట్రిమ్ అండ్ టిల్ట్’ అను సాధనమును గూర్చి వ్రాయుటకు ఆదోని తగని ఊరు కాదు. ఏలయన, ఆ సాధనమునకు ప్రాణమైన బలము ఆ ఊరి దూది ప్రెస్సులలో అనుదినము పనిచేయుచునే యున్నది.

పడవ వెనుకపలకకు తగిలించి, పని తీరినపిదప విప్పి మోసికొనిపోదగిన మోటారు కావలెనను కోరిక పాతదే. 1881లో పారిస్ నగరమున గుస్తావ్ త్రూవే అను యంత్రశిల్పి విద్యుత్తుతో తిరుగు అట్టి మోటారును తగిలించి సేన్ నదిపై పడవ నడపెను; కాని దానిని సామాన్యుల చేతికందించినవాడు, నార్వేలో పుట్టి బాల్యముననే అమెరికా చేరిన ఓలె ఎవిన్రూడ్. ఎండవేళ సరస్సుమీద తెడ్లు వేయుచు ప్రేయసి బెస్సీ కొరకు తెచ్చుచున్న ఐస్‌క్రీము, గట్టు చేరులోపలనే కరగిపోవుటచే విసిగి ఆతడు ఈ యంత్రమును తలపోసెనని కథ. యంత్రముల పుట్టుకకు కథలల్లుటలో అమెరికావారు మన స్థలపురాణ కర్తలకు తీసిపోరు. 1909లో మిల్వాకీ నగరమున ఆతడు అమ్మకమునకు పెట్టిన మోటారు శక్తి ఒకటిన్నర అశ్వము, బరువు 62 పౌనులు, అనగా 28 కిలోలు. ఐస్‌క్రీము కోరిన ఆ బెస్సీయే ఆతని భార్యయై, ప్రకటనలు వ్రాసి వ్యాపారమును నడపెను. అంత తేలికైన మోటారును తీరము చేరువైనపుడు అమరమున కూర్చున్నవాడు చేతితో వంచి ఎత్తగలడు. కాకినాడ, విశాఖ తీరముల ఫైబరు పడవలవారు ఇసుకమీదికి ఎక్కునపుడు నేటికిని ఇట్లే చేయుచున్నారు. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి మంత్రాలయమును ముంచెత్తినట్టి వేళలందు సహాయదళములు తెచ్చు రబ్బరు పడవల మోటార్లును ఈ జాతివే.

అశ్వశక్తి పెరిగినకొలది చిక్కు మొదలయ్యెను. 1958లో ఎవిన్రూడ్, జాన్సన్ పేర్లతో నాలుగు సిలిండర్ల 50 అశ్వముల మోటార్లు వెలువడినవి. నూరు కిలోలకు అటునిటుగా తూగు వానిని వంగి ఎత్తుట నడుమునకు శిక్ష. ఎత్తుటయేగాక, వాలు దిద్దుట మరియొక పని. పంకా నీటిని ఏ కోణమున వెనుకకు త్రోయునో దానినిబట్టి అణియము లేచుటయో క్రుంగుటయో జరుగును. బయలుదేరునపుడు మోటారు క్రిందిభాగమును పడవవైపు చేర్చినచో అణియము అణగి, పడవ త్వరగా నీటిమీదికెక్కి జారసాగును. వేగము కుదిరిన పిదప దానిని కొంచెము వెలుపలికి త్రోసినచో అణియము లేచి, నీటి రాపిడి తగ్గి, అదే ఇంధనముతో వేగము హెచ్చును. మితిమీరినచో అణియము ఎగిరెగిరి పడును, పంకా గాలిని మ్రింగి ఊరక గిరగిర తిరుగును. పాత మోటార్లయందు ఈ కోణమును నిర్ణయించునది బిగింపుచట్రపు రంధ్రములలో ఒకదాన దూర్చిన ఇనుపచీల మాత్రమే. మార్చవలెనన్న ఇంజను నాపి, మోటారు నెత్తి, చీలను వేరొక రంధ్రమున పెట్టవలెను. కావుననే చాలమంది దాని జోలికి పోకుండిరి.

నడుచుచుండగనే ఈ రెండు పనులను చేయుటకు దొరకిన ఉపాయము నూనె పీడనము. మూసిన పాత్రలోని ద్రవముపై కలిగించిన పీడనము అన్నివైపులకు సమముగ వ్యాపించునని పదునేడవ శతాబ్దమున పాస్కల్ చెప్పగా, దానిని పనిలోనికి దింపినవాడు, 1795లో ప్రెస్సుకు పేటెంటు పొందిన జోసెఫ్ బ్రామా అను ఆంగ్లేయ తాళముల శిల్పి. అయితే పిస్టను ప్రక్కనుండి నీరు కారిపోవుచుండగా ప్రెస్సు ఏమి నొక్కును? పీడనము హెచ్చినకొలది తానే గోడకు బిగిసికొను తోలుపట్టీని కూర్చి దానిని నిలబెట్టిన కీర్తి ఆతని పనివాడైన హెన్రీ మాడ్స్‌లేకు చెల్లునందురు. ఈ కథయంతటను నాకు మిక్కిలి ముచ్చటగొలుపునది ఆ తోలుముక్కయే. ఆదోని ప్రెస్సింగు ఫ్యాక్టరీలలో పొంగియున్న దూదిని అణచి 170 కిలోల బేలుగా కట్టించునది ఈ బ్రామా బలమే. ఎమ్మిగనూరు దారులలో కంకర కుమ్మరించు ట్రాక్టరు ట్రాలీ జాకీ సయితము ఆ వంశముదే. నీటికి మారుగా నూనె వచ్చెను; తోలుకు మారుగా, నీల్స్ క్రిస్టెన్సెన్ అను డేనిష్ శిల్పి 1937లో పేటెంటు కోరిన రబ్బరు ఓ-రింగు వచ్చెను. నాలుగు సెంటీమీటర్ల వ్యాసముగల పిస్టను వైశాల్యము సుమారు 12.5 చదరపు సెంటీమీటర్లు. ఒక్కొక్క చదరపు సెంటీమీటరుపై 100 కిలోల పీడనము కలిగించినచో, మోచేతి పొడవైనను లేని ఆ సిలిండరు 1,250 కిలోల బలముతో త్రోయును.

పాత మోటారుకు దీనిని అమర్చు సులభమార్గము, వెనుకపలకకును మోటారునకును నడుమ కీలుగల చట్రమును బిగించుట. అందు 12 వోల్టుల చిన్న విద్యుత్ మోటారును, అది త్రిప్పు పళ్ళచక్రముల పంపును, నూనెతొట్టియు, సిలిండరును ఇమిడియుండును. మీటను ఒకవైపు నొక్కిన పంపు ఒక దిశయందు తిరిగి మోటారు లేచును. రెండవవైపు నొక్కిన దిశ మారి మోటారు దిగును. వ్రేలు తీసినంతనే కవాటములు మూసికొని నూనె బంధింపబడుటచే, పంకా ఎంత త్రోసినను కోణము చలింపదు.

చట్రము మోటారును ఐదారంగుళములు వెనుకకు జరుపును గనుక, పాత బరువే పలకను మునుపటికంటె గట్టిగా వంచజూచును. లోలోపల చివికిన కొయ్యపలకను ముందుగనే సుత్తితో తట్టి చూచి మార్చుట మేలు. కరెంటు మరియొక సమస్య. ఎత్తునపుడు ఆ చిన్న మోటారు పదుల ఆంపియర్లు లాగును. త్రాడు లాగి నడుపు పాత ఇంజనులోని మాగ్నెటో నిప్పురవ్వలు పుట్టించునేగాని బ్యాటరీని నింపదు, కావున గట్టుననే నింపి తెచ్చుకొనవలెను. నీరు పీల్చు రంధ్రములు పైకి తేలునంతగా ఎత్తి ఇంజనును నడపినచో, లోని రబ్బరు చక్రము కొద్దిసేపటిలో కాలిపోవును. ఒక మనుష్యుడు సులభముగ ఎత్తగల చిన్న మోటారుకు ఇంత సంభారము వలదని నా తలంపు. పెద్దదానికి అమర్చినవాడు మాత్రము చట్రము ప్రక్కనుండు చిన్న మరను గుర్తెరిగియుండవలెను. బ్యాటరీ చచ్చినపుడు దానిని సడలించినచో నూనె ఇటునుండి అటు ప్రవహించి మోటారు చేతికి లొంగును, తిరిగి బిగించుట మరచినచో పడవను వెనుకకు నడుపబోయినంతనే అది తానే నీటిపైకి లేచును.