చేప గుండె మొలచును, మన గుండె మొలవదేల?

గంగా బ్రహ్మపుత్రా నదుల పరీవాహక ప్రాంతమునందలి పిల్లకాలువలలోను, నీరు నిలిచిన వరిమళ్లలోను గుంపులుగా తిరుగాడు చిన్న చేప యొకటి కలదు. రెండంగుళములకు మించని దాని దేహముపై తోకవరకు నీలి చారలు సాగియుండుటచే దానికి జీబ్రా చేప యను పేరు వచ్చినది. ఈస్టిండియా కంపెనీ కొలువులో వైద్యుడై మన దేశమున పెక్కేండ్లు గడపిన ఫ్రాన్సిస్ హామిల్టన్, 1822లో ప్రకటించిన గంగానదీ మత్స్యముల గ్రంథమున దీనిని తొలుత వర్ణించెను. నేడు హృద్రోగములను గూర్చి పరిశోధించువారు ఈ సామాన్య మత్స్యమునే అత్యంత శ్రద్ధతో పరిశీలించుచున్నారు.

అందుకు కారణము 2002లో వెల్లడియైన యొక ప్రయోగము. అమెరికాలో కెన్నెత్ పాస్, లిండ్సే విల్సన్, మార్క్ కీటింగ్ అను మువ్వురు శాస్త్రజ్ఞులు ఈ చేపకు మత్తునిచ్చి, జఠరిక కొనయందు ఇంచుమించు అయిదవ వంతును కోసివేసి, తిరిగి నీట విడిచిరి. ఉబికివచ్చిన నెత్తురు త్వరలోనే గడ్డకట్టి గాయమును మూసినది, చేప బ్రతికినది, రెండు మాసములు గడచునప్పటికి, ఆ గడ్డ యుండిన తావున క్రొత్త కండరము పెరిగి, తక్కిన గుండెతోపాటు కొట్టుకొనసాగినది. ఈ క్రొత్త కండరము ఎచ్చటినుండి వచ్చినదను ప్రశ్నకు 2010లో రెండు పరిశోధక బృందములు ఒకే సమాధానమును చెప్పినవి. ఎచ్చటనో దాగియున్న మూలకణములు వచ్చి చేసిన పని కాదిది. గాయపు అంచున మిగిలిన కండరకణములే, తమ సంకోచమునకు ఆధారమైన తంతువుల పొందికను సడలించుకొని, ముదిరిన రూపమును కొంతకాలము విడనాడి, ఒకటి రెండుగా, రెండు నాలుగుగా విభజనము చెంది, మరల కండరములై స్థిరపడుచున్నవి. క్షణమైనను పని మానకయే తన్ను తాను పునర్నిర్మించుకొను ఈ గుండె నేర్పును తలచినప్పుడెల్ల నాకు కలుగు ఆశ్చర్యము ఇంతింత కాదు.

మానవునియందు జరుగునది వేఱు. గుండెకు రక్తమును కొనిపోవు నాళము పూడుకొనగా, తీవ్రమైన గుండెపోటున నూరు కోట్ల వరకు కండరకణములు నశింపవచ్చును. వాని స్థానమున, చినిగిన వస్త్రమునకు వేసిన మాసికవలె, గట్టి మచ్చ యేర్పడును. ఆ మచ్చ గుండె పగులకుండ కాపాడును గాని, ముడుచుకొని రక్తమును పంపజాలదు. దాని వంతు పని యంతయు మిగిలిన కండరముపై బడి, ఏండ్లు గడచినకొలది గుండె నీరసించును.

చేప క్రింది జీవి, మానవుడు పై జీవి, కావున ఈ భేదమని సరిపెట్టుకొనుటకు వీలులేదు. జపానుదేశపు మెడాకా చేప కూడ చిన్నదే, శీతలరక్తము గలదే. అయినను దాని గుండె గాయపడిన మచ్చయే మిగులును. ఇంతకంటె విచిత్రము మెక్సికోలో కలదు. అచటి నదులలోని యొక జాతి చేపలలో కొన్ని యేనాడో చీకటి గుహలలో చిక్కువడి, కాలక్రమమున కన్నులను, మేని రంగును కోల్పోయినవి. నదిలోని చేప తన గుండె కండరమును మరల పెంచుకొనుచుండగా, పచోన్ గుహలోని దాని దాయాదికి మచ్చ శాశ్వతముగా నిలిచిపోవుచున్నదని ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయపు మథిల్డా మోమర్‌స్టీగ్ బృందము 2018లో చూపినది. ఈ రెండింటిని జతకూర్చి సంతతిని పొందవచ్చును గనుక, ఈ శక్తితో ముడివడిన వారసత్వాంశములను వెదకుట సాధ్యమైనది.

ఒకే ప్రాణి జీవితములో సైతము ఈ భేదము కనబడును. పుట్టి ఒక దినమైన చుంచు పిల్ల గుండె కొనను కోసివేయగా, మూడు వారములలో అది మరల పెరుగుటను డల్లాసునగర శాస్త్రజ్ఞులు 2011లో కనుగొనిరి. ఏడు దినముల పిల్లయందు మాత్రము మచ్చయే మిగిలినది. ఆ వారము దినములలో జరిగినదేమి? ఊపిరితిత్తులు పనిచేయ నారంభింపగా రక్తమున హెచ్చిన ప్రాణవాయువు గుండెకణముల డీఎన్ఏను గాయపఱచి విభజనమును నిలిపివేయునని కొందఱు చూపిరి. దేహమున వేడిని పుట్టించుటకు తోడ్పడు థైరాయిడ్ స్రావమే ఈ శక్తిని అణచునని 2019లో మఱికొందఱు చూపిరి; ఆ స్రావమును హెచ్చుగా నిచ్చినచో జీబ్రా చేప గుండె కూడ సరిగా కోలుకొనలేదు. ఉష్ణరక్తమును పొందుటకై మన పూర్వజీవులు ఈ వరమును వదలుకొనవలసి వచ్చినదని వారి యూహ. నాకును ఇది సమంజసముగనే తోచుచున్నది.

మన గుండెలో ఆ శక్తి బొత్తిగా నశింపలేదు. అణ్వస్త్ర పరీక్షలవలన గాలిలో వ్యాపించిన కర్బనము-14 ఆధారముగా స్టాక్‌హోమునందలి యోనాస్ ఫ్రీసెన్ బృందము 2009లో లెక్కగట్టినదాని ప్రకారము, ఇరువదియైదేండ్ల వయసున గుండె కండరకణములలో ఏటికి 1 శాతము క్రొత్తవి పుట్టుచున్నవి. డెబ్బదియైదేండ్లకు అది 0.45 శాతమునకు దిగజారును. ఈ స్వల్పమును అధికము చేయు ఔషధమేదియు నేటివరకు వైద్యుల చేతికి రాలేదు. పోయిన కండరము మరల రాదు గనుక, ఎదలో నొప్పి పుట్టి ఎడమచేతికో దవడకో ప్రాకి, చెమటలు పట్టినప్పుడు, గ్యాసు నొప్పి కాబోలునని సోడా త్రాగి తెల్లవాఱువఱకు వేచియుండకుడు. తక్షణమే 108కు ఫోను చేసి ఆసుపత్రికి చేరుడు.